ఓడకు దిష్టి తీసినప్పుడు

రూపనగుడిలో మా పెద్దమ్మ వరండాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను పేపరు చూస్తూ, "ఇంగ్లీషు దొరల కాలం నాటి రేవుల చట్టం తీసేసి కొత్తది పెట్టినారట పెద్దమ్మా" అన్నాను. ఆమె చేతిలో కాయ ఆగింది. ఆ తర్వాత నేను మాట్లాడింది తక్కువ. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒకే మాట మూడుసార్లు అన్నచోట మాత్రం రెండు తీసేశాను.

తీసేసిరా? ఆ చట్టం నాకి బాగా తెలుసు పాపా. నవ్వొద్దు. ఎనిమిదో క్లాసు సదివినదానికి రేవు చట్టం ఎట్ల తెలుసు అంటావేమో. దాని కిందనే కదా మా అత్తను పట్టుకున్యది. ఔ, మా అత్తనే. ఆయమ్మ సముద్రం చూసిందే జన్మకు ఒగ తూరి. ఆ తూరే పట్టుబడె.

అప్పుడు గనుల కాలం. మీ పెద్దనాయన సేద్యంతో జరగదని రెండు లారీలు తీసుకున్యాడు. సండూరు దిక్కు నుంచి ఇనుప మన్ను ఎత్తుకోని రేవుకు తోలేది. రేవు లోపలికి పోవల్లంటే పాసు ఉండల్ల. పాసు లేదా, గేటు బయట నిలబడి దుమ్ము తినల్ల. రెండు లారీలు, రెండు పాసులు. ఇంట్లో పదకొండు మందిమి ఆ రెండు అట్టముక్కల మీద తింటాంటిమి. ఇది గుర్తు పెట్టుకో, నేను మళ్లీ చెప్పను.

ఇంగ మా అత్త సంగతి నీకి తెలుసు కదా... తెల్దా? దిష్టి తీయకుండా ఇంట్లో ఏ బండినీ కదలనిచ్చేది కాదు. ట్రాక్టరుకు తీసె. లారీలకు తీసె. మా తమ్ముడు లూనా కొంటే దానికీ తీసె. వాడు నిమ్మకాయ తొక్కిస్తా జారి పడి మోకాలు పగలగొట్టుకుండె. "చూస్తివా, దిష్టి ఎంత బలంగా ఉండాదో" అనె గానీ, నిమ్మకాయ వల్ల పడినాడని ఒప్పుకోలే.

మా మన్ను మొదటి తూరి హడగు ఎక్కుతాందంటే చూసేకి పోతిమి. హడగంటే ఓడ, మాకు ఆ మాటే నోటికి వస్తాది. లారీలో కూచోని పోతిమి. గేటు కాడ వాచ్‌మన్ ముసలామెను చూసి వదిలిపెట్టె. మూటలో ఏముందని అడగలే. అడిగింటే అప్పుడే అయిపోతాండె.

ఓడ చూసె మా అత్త. మన ఊరంత ఉండాది పాపా, మన ఊరికన్నా పెద్దదేమో. ఆయమ్మ కింద నుంచి మీది దాకా చూసి, మళ్లీ కిందికి వంగి చూసి, "చక్రాలు యాడ?" అనె.

"ఓడకు చక్రాలుండవమ్మా" అనె మీ పెద్దనాయన.

"మరి నిమ్మకాయలు యాడ పెట్టేది?"

అప్పటికి తెలిసె మాకు మూటలో ఏముందో. నాలుగు నిమ్మకాయలు, ఒగ బూడిద గుమ్మడికాయ. సంతలో పది రూపాయలకు కొనిందంట. ఇప్పుడు ఎనబై అడుగుతాండారు, తినేదానికి కూడా కాదు, పగలగొట్టేదానికి!

నేను చెప్తి, "సుమ్నె ఉండత్తా, ఊరికే ఉండు, ఇది సర్కారు జాగా" అని. ఇంటుందా? "మన మన్ను పోతాంది దాంట్లో. ఇంతమంది కండ్లు పడినాయి. ఎవురో ఒగరు తీయల్ల కదా" అనె. ముందర యాదో ఎనక యాదో తెలీక, ఓడ మీద నిలబడిన పరదేశపోన్ని "ఏమప్పా, నీ బండి మొగం యాపక్క?" అని అరిచె. వాడు చెయ్యి ఊపె. చెయ్యి ఊపిన పక్కనే ముందర అని పోయె.

గుమ్మడికాయలో కుంకం పోసి, కర్పూరం ఎలిగించి, మూడు చుట్లు తిప్పి, గట్టు మీద దబీమని కొట్టె. రెండు చెక్కలూ ఎగిరి నీళ్లలో పడె. నీళ్లు ఎర్రగా అయిపాయె. ఈల ఊదుకుంటా వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చె.

ఆఫీసరు కాడికి తీసకపోయిరి. చిన్న వయసు, సముద్రం పక్క పిల్లోడు, అన్నీ "అండీ అండీ" అంటాడు. "ఏంటండీ ఇది? నీళ్లలో పడేసింది ఎవరండీ?" అనె. బీరువాలోంచి పుస్తకం తీసె. దొరలు రాసిన చట్టం, ఇంగా నడుస్తాందంట. రేవులో రాళ్లు వేయగూడదు, ఇసక వేయగూడదు, చెత్త వేయగూడదు, నీళ్లడుగున దిబ్బ కట్టేది ఏదీ వేయగూడదు. తుపాకి కాల్చగూడదు. ఓడలో తారు కాచగూడదు. దీపం పెట్టుకోని సారాయి పీపా తెరవగూడదు.

మా అత్త అంతా ఇని, "అంటే చీకట్లో తాగమన్యాడా దొర?" అనె.

మీ పెద్దనాయన చేతులు జోడించుకోని నిలబడుకున్యాడు. పాసులు రెండూ ఆఫీసరు బల్ల మీద ఉండాయి. కేసు అయితే పాసులు రద్దు. అంతే మాట.

ఆ పిల్లోడు మంచోడే. "సరేనండీ, ముసలావిడ. ఇక్కడ చెత్త పడేశాను, తప్పయింది అని రాసి వేలిముద్ర వేయండి. వదిలేస్తాను" అనె. మాకు పాణం లేచొచ్చె. నేనే రాస్తానని కాగితం తీసుకుంటి.

మా అత్త చెయ్యి ఎనక్కి దాచుకుండె. "నేను చెత్త యాడ వేస్తి? దిష్టి తీస్తి. చెత్త అని వేలిముద్ర వేస్తే, తీసిన దిష్టి తిరిగి ఓడకే తగులుతాది. నీటి మధ్యలో మునిగిపోతే నువ్వు వస్తావా ఎత్తేకి?"

నేను ఆయమ్మ కాలు తొక్కితి. మీ పెద్దనాయన "అమ్మా, పాసులమ్మా" అని ఏడుపు మొగం పెట్టె. ఊహూ.

ఆ పిల్లోనికి కూడా కోపం వచ్చె. "అయితే కేసే రాస్తానండీ. వేసిన వస్తువు పట్టి తెచ్చి, పంచనామా రాసి, కోర్టుకు పంపుతా" అని, పడవలో ఇద్దరిని పంపె.

వాండ్లు పోయిరి. చెక్కల చుట్టూ ఒగ చుట్టు తిరిగి, ఉత్త చేతులతో వచ్చిరి. "దిష్టికాయ సార్. మేము ముట్టుకోం సార్. ఇంట్లో పసిబిడ్డలున్నారు" అనిరి.

ఊడ్చే ఆమెను పిలిపించె. "నా చీపురు కూడా తగిలించను" అని ఆయమ్మ చీపురు ఎనక పెట్టుకుండె. వాచ్‌మన్ను చూసె. "ఈల వేయడమే నా డ్యూటీ సార్" అనె వాడు. అంత పెద్ద రేవులో, పాపా, ఇన్ని క్రేన్లు పెట్టుకోని, గుమ్మడికాయ చెక్క ఎత్తే మనిషి లేకపాయె!

ఆఖరికి తనే లేచె. చొక్కా చేతులు మడుచుకోని, వల కట్టిన పొడుగు కట్టె పట్టుకోని గట్టు మీదికి వచ్చె. మేమంతా ఎనకాల. చెక్కలు రెండూ పక్కపక్కనే తేలతాండాయి. కట్టె చాపె. అందేంత దూరంలో ఉండాది.

మా అత్త మెల్లగా అనె. బెదిరించినట్ల కాదు, పాపం అన్నట్ల. "వద్దు నాయనా. పెండ్లయిందా నీకు?"

"వచ్చే నెలండీ."

కట్టె ఆడనే ఆగిపాయె. ఎంతసేపు నిలబడెనో తెల్దు. "నీళ్లు వెనక్కి తీస్తున్నాయి, కాసేపు చూద్దాం" అనె, ఎవురూ అడగకుండానే. చూస్తాంటే నీళ్లు సముద్రంలోకి లాగె. చెక్కలు ఒగదాని ఎనక ఒగటి, పెండ్లోళ్లు పోయినట్ల పోయె. రేవు గోడ కొస దాటె. ఆఫీసరు ఊపిరి ఇడిసె. "హద్దు దాటిందండీ. అక్కడ ఈ చట్టం పనిచేయదు" అనె. పుస్తకం మూసి పాసులు రెండూ మీ పెద్దనాయన చేతిలో పెట్టె.

మేము లారీ ఎక్కుతాంటే మళ్లీ వచ్చె. అటూ ఇటూ చూసి, మా అత్త చెవి కాడికి వంగి, "అమ్మా, వలకట్టె నీడ దాని మీద పడింది. నాకేం కాదు కదా?" అనె.

మా అత్త వాని తల నిమిరి, "నీడకు ఏముంది నాయనా, చెయ్యి తగల్లే కదా. పో, పిల్లాపాపలతో సల్లగుండు" అనె. వాడు తలొంచి నిలబడె, ఆఫీసరు టోపీ తీసి చంకలో పెట్టుకోని...

బాగానే జరిగింటాదిలే పాపా, ఆ పిల్లోని పెండ్లి. ముట్టలేదు కదా.