‘అక్కా’ అని నొక్కితే

హలో… ఆ, నేనే. పొద్దున నీ దుకాణానికి ఫోన్ చేసిన ముసలమ్మనే నాయనా… కంప్యూటర్ గురించి.

ఆ… మళ్లీ వచ్చింది. అదే వైరస్. మూలన ఎర్ర పెట్టె లేస్తుంది, అందులో అమ్మాయి. మాకేదో బహుమతి తగిలిందని ఒకటే గోల. నోరు మూయిద్దామని నొక్కితే ఒకత్తి పోయి ఇద్దరొస్తున్నారు.

అయ్యో, నీ పనికి వంక పెట్టడం లేదు. మొత్తం తుడిచి మళ్లీ కొత్తగా పెట్టావుగా, నా కళ్లతో చూశాను. ఇంటికి తెచ్చాక కూడా కాసేపు బాగానే ఉంది. నేనిలా వంటింట్లోకి వెళ్లానో లేదో…

లేదు, ఏమీ తెరవలేదు… ఉత్తరాలు కూడా చూడలేదు. నాకొచ్చే ఉత్తరాలేమిటి, కరెంటు బిల్లు తప్ప.

నువ్వే అక్కడి నుంచి చూస్తావా? ఉండు, నువ్వు పెట్టిచ్చిన ఆ నీలం బొమ్మ… నొక్కాను… అమ్మో! బాణం దానంతటదే నడుస్తోంది! నువ్వేనా? నువ్వేగా? ఇంకెవరో కాదుగా?… సరే, నవ్వకు. ఈ వారంలో దేన్ని చూసినా దొంగే అనిపిస్తోంది.

…

ఏం పెట్టాను? ఏమీ పెట్టలేదు నాయనా. వైర్లు, మౌసు. అంతే.

పక్కనా?… పక్కన పెన్ డ్రైవ్ ఉంటుంది. అది నేను పెట్టింది కాదు. మా చెల్లెలు పెట్టుకుంది. అది ఎప్పుడూ ఉండేదే.

…ఎందుకలా అరుస్తావు?

లేదు, దుకాణానికి తేలేదు. కంప్యూటర్‌లో కావలసినవేమైనా ఉన్నాయా అని అడిగావు, లేవన్నాను. మా చెల్లెలి మాటలన్నీ పెన్ డ్రైవ్‌లోనే ఉన్నాయి కదా అని ధైర్యం. కంప్యూటర్ నీ దగ్గరున్నన్నాళ్లూ అది పెన్ డ్రైవ్‌ను దిండు కింద పెట్టుకుంది. నేను ఇంటికి తేగానే, నేనిటు తిరిగేలోపు గుచ్చేసింది.

…అందులోంచేనా? ప్రతిసారీ అందులోంచే వచ్చిందా?

అయ్యో. అయ్యో రాత.

కాదు నాయనా, పాటలూ సినిమాలూ కావు. దాని గొంతు. గొంతుకు ఆపరేషన్ చేసేముందు డాక్టరే చెప్పాడు, తర్వాత మాట రాదు, ఏమైనా ఉంటే రికార్డు చేసుకోండని. అందరూ ఏవో పెద్ద పెద్ద మాటలు చెప్పుకుంటారట. ఇది చెప్పిందేమిటో తెలుసా? ‘అక్కా’. ‘అక్కా, పాలు పొంగుతున్నాయి.’ ‘అక్కా, మాత్ర వేసుకున్నావా?’ ‘నాకు ఆకలిగా లేదు, ప్రాణం తీయకు.’ ఇవీ. ఏది కావాలంటే అది నొక్కుతుంది, నేను పలుకుతాను.

రాస్తుంది, రాయకేం. కానీ నేను పొయ్యి దగ్గరుంటే కాగితం వచ్చి పిలవదు కదా.

ఇప్పుడా? ఇప్పుడు ‘అక్కా’ అని నొక్కితే ఆ బహుమతి అమ్మాయి వస్తోంది.

…

పెన్ డ్రైవ్ ఎంత నిండిందో చూపే నీలి గీతా? చూస్తున్నాను… లేదు. అంతా తెల్లగానే ఉంది… ఖాళీ అనా? ఖాళీ ఎలా అవుతుంది, పేర్లన్నీ కనబడుతున్నాయిగా! ‘అక్కా’, ‘పాలు’, ‘మాత్ర’… ప్రతిదాని కింద చిన్న బాణం గుర్తు, అంతే తేడా…

పేర్లే మిగిలాయా.

ఇంకోసారి వెతుకు నాయనా. నీ దగ్గర వెతికేదేదో ఉంటుందిగా… సరే. ఎంతసేపైనా ఉంటాను.

…

పక్క గదిలోనే ఉంది. తలుపు తీసే ఉంది, అన్నీ వింటోంది. మాట పోయింది గానీ చెవులకేం, పాము చెవులు… బస్‌స్టాండ్‌లో మైకు ముందు ఉద్యోగం. ఏ బస్సు ఎక్కడ నిలబడుతుందో, ఏది కదులుతోందో చెప్పేది. ఊరందరినీ సాగనంపిన గొంతు. నేనటువైపు వెళ్లేదాన్నే కాదు. ఎవరెవరో వెళ్లిపోతున్నారని దాని నోట వినడం నాకు పడేది కాదు…

టక్‌మన్నదా? అదే. బల్ల మీద కొడుతుంది. ఒకసారి కొడితే అవును, రెండుసార్లంటే కాదు. ఆ రెండే నేర్చుకున్నాం. మిగతాదంతా పెన్ డ్రైవ్ చూసుకునేది… ఇప్పుడు రెండు కొట్టింది. బస్‌స్టాండ్ సంగతి ఎందుకు అని కాబోలు.

అయిందా?… చెప్పు.

ఒక్కటి కూడా దొరకలేదా?

…

ఇంకెవరి దగ్గరికైనా తీసుకెళ్తే?… వాటి మీదే ఆ వైరస్ మళ్లీ మళ్లీ రాసేసిందా. గుచ్చిన ప్రతిసారీ. మేమే గుచ్చి గుచ్చి…

ఆ, ఉన్నాను.

తుడిస్తే ఆ పేర్లు కూడా పోతాయా?… తుడవకపోతే పోదా వైరస్? పెన్ డ్రైవ్‌ను ఊరికే డబ్బాలో దాచుకుంటే?… నిజమే. దాచినా మా చెల్లెలు ఊరుకోదు. నేను కాస్త కునుకు తీస్తే చాలు, మళ్లీ తెచ్చి గుచ్చుతుంది. తన మాట మీద తనకు ఆశ ఉండదా?

నన్నడక్కు నాయనా. నా గొంతైతే సరే అనేదాన్ని. దాని గొంతును నేనెలా తుడవమంటాను?

ఉండు, దాన్నే అడుగుతాను.

ఏమే… విన్నావుగా. ఏం లేవట. పేర్లేనట. తుడిచేయమననా?

…

…

విన్నావా నాయనా? ఒక్కటే కొట్టింది.

ఒక్కటే. కాదు, నేను సరిగ్గానే విన్నాను. తుడిచెయ్. త్వరగా కానివ్వు. నేను చూడను, కళ్లు మూసుకుంటాను. నువ్వే చెప్పు అయిందని.

…

అయిందా. ఎర్ర పెట్టె లేదు. అమ్మాయీ లేదు. చక్కగా ఉంది. ఎంత నిశ్శబ్దంగా ఉందో… సంతోషం నాయనా. చల్లగా ఉండు…

ఆగు.

…

మళ్లీ కొడుతోంది. ఒకటి కాదు… రెండు కాదు, మూడు. మూడంటే ఏమిటో మేమేమీ అనుకోలేదే…

మళ్లీ మూడు.

…ఆ! వస్తున్నానే! వస్తున్నా!

ఉంటాను నాయనా. నన్ను పిలుస్తోంది.