గవ్వ, దిక్సూచి, గొళ్లెం

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, కిటికీ పక్కన బల్ల మీద కంప్యూటర్. ఇంటాయన ఒకప్పుడు బడి పుస్తకాలకు పటాలు గీసేవాడు. వచ్చినాయనకు వీధి చివర తాళాల షాపు ఉంది.

"తాళం బాగానే ఉందయ్యా. నువ్వు మార్చాక వెన్నలా తిరుగుతోంది. అది అడగడానికి మూడంతస్తులు ఎక్కి రావాలా?"

"తాళం కోసం కాదు సార్."

"మరి?"

"ఆ రోజు మీ తలుపు తీసినప్పుడు ఈ తెర మీద ఒక ఆట కనిపించింది. దీవులూ, పడవలూ. పక్కన వరసగా మెయిళ్లు. మీ వంతు రాలేదు, ఏమైంది అని ఒకటి. పోనీ ఓడిపోయానని చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి అని ఇంకొకటి."

"అన్నీ చదివేశావన్నమాట."

"చదవాలని కాదు సార్. కింద మందుల షాపాయన మీ తల పట్టుకుని నీళ్లు తాగిస్తున్నాడు. ఎదురింటావిడ అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది. నాకు చెయ్యడానికి పనేం లేదు, ఇక్కడ నిలబడ్డాను. కళ్ల ముందుంది, చదివాను."

"సరేలే. ఇప్పుడేమంటావు?"

"ఆ ఆట నాక్కూడా నేర్పుతారా?"

"నీకా? నీకెందుకయ్యా. పనీపాటా లేనివాళ్లు ఆడుకునేది ఇది."

"నాకు పనుంది సార్. పాటే లేదు."

"బాగానే మాట్లాడతావే. ఫోన్లో బోలెడు ఆటలుంటాయి. టక్కున మొదలెట్టి టక్కున అయిపోతాయి. అవి ఆడుకోరాదూ."

"ఆడాను సార్. ఎదురుగా ఎవరున్నారో తెలీదు. వాడు మధ్యలో వదిలేసి పోతే ఆ ఫోనే ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెడుతుంది. అంటే నేను పోయినా అంతేగా. నా కుర్చీలో ఇంకొకడు."

"ఇది అలా కాదులే. ఇది చాలా నెమ్మది. నేను నా వంతు ఆడి మెయిల్లో పంపితే, అవతల ఒకావిడ తీరిక చూసుకుని ఆడి తిరిగి పంపుతుంది. రోజుకో వంతు. ఒక్క ఆట అయ్యేసరికి ఏడాది పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీకు విసుగొస్తుంది."

"ఏడాదంటే చాలా మంచిది సార్."

"మంచిదేముంది అందులో?"

"ఏడాది పొడుగునా రోజూ ఒకళ్లు నాకోసం చూస్తుంటారుగా."

"కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులైంది. ఇటు, ఇది లాక్కో. ఇంట్లో ఎవరెవరుంటారు నీకు?"

"షాపు వెనక గదే ఇల్లు సార్. మా ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేసి అందులోకి మారిపోయాను. పిల్లల్లేరు. తమ్ముడున్నాడు. ఫోన్ చేస్తే ఏం పని మీద చేశావన్నయ్యా అంటాడు. పనేం లేదురా ఊరికే చేశానంటే వాడికి కంగారు. డాక్టరేమన్నా అన్నాడా, నా దగ్గర దాస్తున్నావా అని మొదలెడతాడు. అందుకని పనుంటేనే చేస్తాను."

"షాపుకొచ్చేవాళ్లు మాట్లాడరా?"

"తాళం పోయినవాడికి మాటలేం వస్తాయి సార్. ఎంతసేపు పడుతుందంటాడు. తాళం తియ్యగానే లోపలికి పరిగెత్తుతాడు. వెళ్లొస్తానంటే విన్నవాడు లేడు."

"నేనూ అనలేదు కదూ ఆ రోజు."

"మీరు పడి ఉన్నారు కదా సార్."

"అవునవును. కాలు జారి... బాత్రూం దగ్గర. సరే, అదలా ఉంచు."

"ఎముకలేం విరగలేదన్నారట. మందుల షాపాయన చెప్పాడు."

"అదృష్టం."

"అదృష్టమే సార్."

"సరే, ఇటు చూడు. ఇదీ పటం. ఈ దీవులన్నీ నేనే గీశాను. ఆటతో వచ్చిన పటాల్లో నదులు కొండెక్కుతున్నాయి. చూళ్లేక కొత్తది గీసుకున్నాను. నీలిరంగు ఊళ్లు నావి, పసుపువి ఆవిడవి."

"నల్లగా ఉన్నదంతా ఏంటి?"

"అది నాకింకా కనపడని చోటు. పడవ వెళ్తేనే తెరుచుకుంటుంది. ఆవిడ అక్కడేం చేస్తోందో నాకు తెలీదు, నేనిక్కడేం చేస్తున్నానో ఆవిడకి తెలీదు. మెయిల్లో పంపిన ఫైలు తెరిచినా సరే, ఎవరి వైపు వాళ్లకే కనపడుతుంది. అందుకే పాస్‌వర్డ్."

"అది మర్చిపోతే?"

"ఎవరూ తియ్యలేరు. ఆట అక్కడితో సరి."

"నేను కూడా తియ్యలేని తాళమన్నమాట."

"నువ్వు కూడా. ముందు పేరు పెట్టుకో. అసలు పేర్లు ఎవరూ వాడరు. నేను దిక్సూచి. ఆవిడ గవ్వ."

"గవ్వా? ఎవరు సార్ ఆవిడ?"

"తెలీదయ్యా. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసేదట, ఇప్పుడు మానేసింది. వేరే ఊరు. ఆరేళ్లుగా ఆడుతున్నాం. మొహం చూళ్లేదు. గొంతు కూడా ఆసుపత్రిలోనే మొదటిసారి విన్నాను."

"ఫోన్ చేశారా? ఏమన్నారు?"

"తిట్టింది. మీకోసం చూసి చూసి రేవులో నా పడవలు చివికిపోతున్నాయి అంది. తర్వాత ముక్కు ఎగబీల్చింది. ఏడ్చిందో, జలుబో."

"జలుబు అయ్యుండదు సార్. మందుల షాపుకి ఫోన్ చేసింది ఆవిడేనట, ఆ నెంబరు ఎలా పట్టుకున్నారు మరి?"

"ఎప్పుడో మా వీధి పేరు చెప్పి రాశాను, మా కింద మందుల షాపుంది, దగ్గొచ్చినా దిగితే చాలని. ఆ ముక్క గుర్తుపెట్టుకుంది. మూడు రోజులు చూసి, మా వీధి మందుల షాపేదో ఆరా తీసి, వాళ్లకి ఫోన్ చేసింది. వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. నేను పలకలేదు. పలకలేకపోయాను. అప్పుడు నిన్ను పిలిచారు."

"ఆ మాటే నన్ను నిద్రపోనివ్వలేదు సార్. చెప్పనా? ఇలాంటి తలుపులు నేను చాలా తీశాను. వాసనొచ్చిందని పిలుస్తారు. అద్దె రాలేదని పిలుస్తారు. కుళాయి నీళ్లు కింది ఇంట్లోకి కారుతున్నాయని పిలుస్తారు. మనిషి మాట వినపడలేదని పిలిచింది మీ ఒక్కరి కోసమే."

"ఊరుకోవయ్యా."

"నిజం సార్. అయినా తాళాలు తీసేవాడి తలుపు తియ్యాల్సొస్తే ఎవర్ని పిలుస్తారు? ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు."

"ముందు నీ పేరేదో చెప్పు. ఏం రాయను?"

"గొళ్లెం."

"గొళ్లెమా. బాగుంది. ఇక్కడ నువ్వే కొట్టు. గ ఎక్కడుందో వెతుక్కో. రెండు చేతులూ వాడొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు."

"ఒక్క వేలే తిన్నగా వెళ్తుంది సార్. మిగతావి అడ్డమొస్తాయి."

"వచ్చింది. ఇప్పుడు ఆవిడకి రాస్తాను, పాత ఆట పక్కన పెట్టి ముగ్గురం కొత్తది మొదలెడదామా అని. ఒప్పుకోకపోతే నువ్వేం అనుకోకు. కొత్తవాళ్లతో కొంచెం ముభావంగా ఉంటుంది."

"ఏమని రాస్తున్నారు?"

"నా తలుపు తీసినాయన ఆడతానంటున్నాడని. అంతే. పంపాను. ఈలోగా చూడు, నీకిచ్చింది ఈ మూల దీవి. ఒక ఊరు, ఇద్దరు సైనికులు, ఒక పడవ. ఒక్కొక్కటి నొక్కు, ఎటు వెళ్లాలో చూపించు. అన్నీ అయ్యాక ఇక్కడ, ముగించు అని ఉంది చూడు, అది నొక్కితే ఒక ఫైలు తయారవుతుంది. దాన్ని మెయిల్‌కి తగిలించి తర్వాతివాళ్లకి పంపాలి. అంతే విద్య."

"ఊరికి తాళం వెయ్యొచ్చా?"

"కోట కట్టొచ్చు. దానికి రాయి కావాలి. రాయి కొండలో ఉంది. కొండ మీదికి మనిషిని పంపు."

"ఇద్దర్నీ పంపేస్తే?"

"ఊళ్లో ఎవరు మిగులుతారు?"

"ఎవరూ మిగలరు. సరే, ఒకణ్ణి పంపుతాను. ఇంకొకణ్ణి... పడవెక్కిస్తాను."

"అప్పుడూ ఊరు ఖాళీయే కదయ్యా."

"అవును సార్. అయితే వీడు ఇక్కడే ఉంటాడు, గుమ్మంలో. పడవ ఖాళీగానే వెళ్లి చూసొస్తుంది."

"పడవ మనిషి లేకుండా వెళ్లదు."

"పోనీ పడవ కూడా ఇక్కడే ఉంటుంది. ఇవాళ్టికి మా వాళ్లెవరూ ఎక్కడికీ వెళ్లరు."

"మొదటి వంతులో అందరూ ఇదే చేస్తారు. నేనూ చేశాను. ఇల్లు వదలాలంటే భయం. గవ్వ నన్ను ఎంత ఏడిపించిందనుకున్నావు. సైన్యం పెట్టుకుని కాపురం చేస్తున్నారా అంది."

"అవన్నీ మెయిల్లోనే రాసేవారా?"

"రాసేది. మొదట్లో చాలా రాసేది. మేడ మీద ఆరేసిన బట్టలు గాలికి పక్కింట్లో పడ్డాయని, మోకాలు నొప్పని, వాళ్ల అక్కతో మాటల్లేవని. ఫైలు కింద ఒక పేజీ ఉండేది. రానురాను నాలుగు లైన్లు. తర్వాత..."

"తర్వాత?"

"అదిగో, జవాబొచ్చింది. రానివ్వండి అంటోంది. ఓడిపోతే అలిగే రకమా అని అడుగుతోంది."

"అలగనని రాయండి సార్. అలిగినా బతిమాలేవాళ్లు లేరని రాయండి."

"అదంతా ఎందుకు. అలగడు అని రాస్తాను. ఇంకా ఏదో రాసింది. ఆ తాళాలాయనకి నా తరఫున దణ్ణం చెప్పండి అంది."

"నాకా?"

"నీకే. ఏమయ్యా, ఏమైంది?"

"ఏం లేదు సార్. తెర వెలుగు కళ్లలో పడుతోంది. ఆవిడ ఫోన్ నెంబరు నాకూ ఇవ్వండి."

"ఎందుకు?"

"మందుల షాపాయన దగ్గరుంది, నా దగ్గరా ఉండాలి. మా షాపు నెంబరు ఆవిడకి పంపండి. ఎవరి వంతు రాకపోయినా మిగతా ఇద్దరూ ఫోన్ చెయ్యాలి. అది రూలు పెట్టుకుందాం."

"సరే, పెట్టుకుందాం. ఎవరిదైనా రాకపోతే మూడు రోజులు చూసి అప్పుడు..."

"మూడు ఎక్కువ సార్. ఒక్క రోజు చాలు."

"ఒక్క రోజుకే గాభరా దేనికయ్యా. ఊరెళ్లొచ్చు, కరెంటు పోవచ్చు. మొన్న మూడు రోజులు ఆగలేదూ? నాకేమైంది?"

"నిజంగా పడితే మూడు రోజులు ఆగలేరు సార్."

"నిజంగా అంటే?"

"ఏం లేదు. ఒక్క రోజని రాయండి."

"ఆగు. నిజంగా అంటే ఏంటి?"

"సార్, తాళంలో ఊచ తిప్పేటప్పుడు చెవి తలుపుకి ఆనించి పెట్టుకుంటాం. లోపల పళ్లు కదులుతుంటే వినాలి కదా. మీ తలుపుకి కూడా అలాగే పెట్టాను. కుర్చీ వెనక్కి జరిగింది. నాలుగు అడుగులు పడ్డాయి. తర్వాత మెల్లగా, నేల మీద మనిషి ఒరిగిన చప్పుడు."

"అందరికీ తెలుసా?"

"నాకొక్కడికే సార్."

"ఆవిడ రాయడం మానేసిందయ్యా. రెండు నెలలుగా ఉత్త ఫైలొక్కటే వచ్చేది. కింద ఒక్క ముక్క ఉండేది కాదు. నేను పంపకపోతే అడుగుతుందా అని చూశాను. మొదటి మెయిల్ రాగానే జవాబు రాయాలి. రాయలేదు. ఇంకొకటి వస్తుందేమోనని కూర్చున్నాను. వచ్చింది. అవి మళ్లీ మళ్లీ చదువుకుంటుంటే బాగుంది. ఇంతలో తలుపు దగ్గర మీరంతా. లేచొచ్చి తలుపు తీసి ఏమని చెప్పను?"

"చెప్పలేరు సార్."

"మందుల షాపాయన తల పట్టుకున్నాడు. ఎదురింటావిడ ఏడ్చింది. ఎప్పుడూ పలకరించని మనిషి. కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాను. నువ్వు పైనుంచి చూస్తూనే ఉన్నావు కదూ. అన్నీ తెలిసి. ఎంత నవ్వుకుని ఉంటావు."

"నవ్వలేదు సార్."

"మరేం చేశావు?"

"మర్నాడు నేనూ షాపు లోపల్నించి గడియ వేసుకుని, ఎవరైనా తలుపు కొడతారేమోనని పడుకున్నాను సార్. ఆరో రోజు నేనే లేచి తీసుకున్నాను."