పదిహేడో ముక్క

చిప్పుల్లో తీగలుగా వాడే పలుచని రాగిపూత మీద అతను, ఆమె ఇద్దరూ కండ్లకోయ కాలేజీ ల్యాబులో రెండేండ్లుగా పరిశోధన చేస్తున్నారు. నిన్న నోటుబుక్కులో ఆమె చేతిరాతతో ఉన్న అంత మంచి రీడింగు చూసినప్పటి నుంచి అతని కడుపు మండుతూనే ఉంది.

“అన్నా, గా రీడింగ్ జూసినవా?”

“జూసిన. పూత పలుచనైతే కరెంటుకు అడ్డం పెరగాలె. గిది పెరగనే లేదు. యాడనో తప్పు జేసినవ్.”

“మూడుసార్లు కొలిసిన.”

“మూడుసార్లూ తప్పే. పొద్దుగాల్నే సార్‌కు జెప్పిన, మన పేపర్లకెల్లి దాన్ని కొట్టేసిండు.”

“అయ్యో! నన్నొక్క మాట అడగొద్దా?”

“ఏమడగాలె? మంచి పూత నీకొక్కదానికే పడ్తదా?”

“మొన్న శుక్రవారం నువ్వు జల్దీ అత్వెల్లికి వోయినవ్. నువ్వు పూతేసిన గాజుముక్క మిషన్లనే ఉండె. ఖరాబైతదని నేనే తీసి కొలిసిన. రాత నాదే గని, పక్కన నంబర్ జూడు.”

పదిహేడు. ముక్క వెనక అతను తన చేత్తో గీసుకున్న నంబరే.

“నడువన్నా, సార్‌కు జెప్పుదాం.”

“నువ్వే జెప్పు చెల్లె. అది తప్పని నేను ఒట్టువెట్టి జెప్పొచ్చిన.”