పనికి బలం

ఎస్టోనియాలో ఆ పల్లె బస్సు స్టాపు నుంచి ముసలమ్మ ఇల్లు పది నిమిషాల నడక. మనవరాలు కద్రిని పెళ్లాడబోయే పరదేశి కుర్రాడు నాలుగు గంటలు ఆలస్యంగా, ఒళ్లంతా మట్టితో గుమ్మంలో నిలబడ్డాడు.

"కాఫీ రెండుసార్లు పారబోశాను. నిన్ను చూశాకే పెళ్లికి సరేనంటానని కద్రికి చెప్పా. ఇదేనా రావడం?"

"పలకరించుకుంటూ వచ్చాను అమ్మమ్మగారూ. పనిలో ఉన్నవాళ్లు కనిపిస్తే 'యౌదు తోలే' అనాలట. 'పనికి బలం' అని. చివరి 'లే' అంటే 'కి' అని కూడా కద్రే నేర్పింది."

"అయితే?"

"దారిలో కట్టెలు కొడుతున్న ఎందెల్ గారితో అన్నాను. 'బలం కావాలి' అన్నారు. పెద్దాయన నోరు తెరిచి అడిగాక ఎలా వెళ్లిపోను? కట్టెలన్నీ పేర్చాను. తర్వాత దుంపలు తవ్వుతున్న సాల్మె గారూ అదే మాట. ఆవిడవి ఆరు సాళ్ల బంగాళాదుంపలు!"

"ఓరి పిచ్చి సన్నాసీ! అది మర్యాదకిచ్చే జవాబు. వాళ్లు అంటారు, నువ్వు నీ దారిన పోతావు."

"మరి సాల్మె గారు నన్ను ఆపలేదే! ఒక్క ముక్క మాట్లాడలేదు. కోపమొచ్చిందేమోనని ఇంకా గబగబా తవ్వాను."

"కోపమైతే సాల్మె గొంతు ఊరంతా వినబడేది. మాట్లాడలేదంటే మురిసిపోయిందన్నమాట."

"అర్థమైందండీ. ఇకనుంచి పలకరించి వెళ్లిపోతాను."

"మంచిది. కాఫీ తాగి పెరట్లోకి రా. దుంపలు తవ్వుతుంటాను, పలకరించు."

"మీరూ 'బలం కావాలి' అంటారు, అంతేగా?"

"అంటాను. కానీ ఇంట్లోవాడితో నాకు మర్యాదలేమిటి? పార తలుపు వెనకుంది."