అభయం అక్క ఖాళీ చేసిన వాటా

కూర్చో నాయనా, అరుగు చల్లగానే ఉంటుంది. అద్దె సంగతి తర్వాత. నేనన్న మాటకి నీ మొహం ఎందుకట్లా మాడిపోయిందో ముందది చెప్పు. ఇల్లు చూడ్డానికొచ్చిన మనిషి దగ్గర చావు మాటెత్తాడేంటీ ముసలాడు అనుకున్నావు, అంతేగా? అనుకో, అందరూ అనుకుంటారు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ తల బాదుకునేది, "ఇంటి షరతులు చెప్పండీ అంటే ఈయన యముడి సంగతి చెబుతాడమ్మా" అని. ఏం చెయ్యను, నాకున్న షరతు అదొక్కటే. ఈ వాటాలో ఉన్నవాళ్ళకి ఏ జబ్బు చేసినా, ఎంత ముదిరినా, ఇంటిగలవాళ్ళకి మైల అనుకుని మనిషిని బయటికి మోసుకుపోకూడదు. అంతే. మిగతాది నీ ఇష్టం. కోళ్ళు పెంచుకో, గోడలనిండా మేకులు కొట్టుకో. మా నాన్న మహాలింగం పిళ్ళై ఉంటే మేకు మాట వింటేనే లేచి నిలబడేవాడు. "గోడలో దిగితే నా ఒంట్లో దిగినట్టే" అనేవాడు. ఆయన మాటకి జడిసి కుంజితపాదంగారు ఏడాదిపాటు అద్దం నేలమీద పెట్టి గోడకానించి, దానిముందు బాసింపట్టు వేసుక్కూర్చుని క్రాపు దువ్వుకున్నాడు. ఆయనెవరంటావా? ఆయన గురించే చెబుతున్నా, తొందరెందుకు.

రైలు స్టేషన్లో పార్సెళ్ళ గుమాస్తా ఆయన. బదిలీ మీద మాయవరం వచ్చాడు. భార్య అభయాంబాళ్, మేము అభయం అక్క అనేవాళ్ళం. పిల్లల్లేరు. నేనప్పుడు కాలేజీ పేరు చెప్పి సైకిలు తొక్కుతూ తిరుగుతున్నా. వాళ్ళది మదురైకి అవతల ఎక్కడో ఎండిపోయిన ఊరు. వచ్చిన కొత్తల్లో అక్క బావి గట్టుమీద కూర్చుని కళ్ళొత్తుకునేది. ఇక్కడి నీళ్ళకి కాఫీ కుదరట్లేదంట, పప్పు ఉడకట్లేదంట. "ఇన్ని కాలవలున్న ఊళ్ళో మనుషులేంటి వదినా, గొంతు తడారిపోయినట్టు గొణుగుతారు?" అనేది మా అమ్మతో. ఆవిడ మాట్లాడితే వీధి చివరికి వినపడేది మరి! మా అమ్మ ఆవిణ్ణి అనుకరించి మమ్మల్ని నవ్వించేది, ఆవిడ ముందే. అట్లా అట్లా కలిసిపోయింది. మా చెల్లెలు నీలకి జడ వేసేది అక్కే. పొద్దున్నే మా ఇంట్లో కాఫీ దిగగానే నీల రెండు గ్లాసులు పట్టుకుని వాళ్ళ వాటాలోకి పరిగెత్తేది. అక్కకి కాఫీ కుదరదని మొదలైన అలవాటు, కుదిరాక కూడా మానలేదు. ఒకరోజు చూద్దును కదా, మా నాన్న సుత్తీ మేకూ పట్టుకుని వాళ్ళ వాకిట్లో నిలబడ్డాడు. "ఏమయ్యా, ఆ అద్దం ఎంత ఎత్తులో కావాలి?" అంటున్నాడు. మా అమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసుకోలేదు.

ఉద్యోగం అయిపోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. సొంతూళ్ళో ఉన్న ఒక్క ఇల్లూ ఆయన అన్నదమ్ములు అమ్మేశారు. ఎక్కడికి పోతారు? తర్వాత ఆయనకి ఆయాసం పట్టుకుంది. తులామాసం, వానలు, కావేరి స్నానాలకొచ్చిన జనంతో ఊరు కిటకిటలాడుతోంది. మా ఇంట్లోనేమో నీల పెళ్ళి కుదిరింది, వానలు వెళ్ళగానే ముహూర్తం. ఎదురింటి వేదవల్లి అని ఒకావిడ ఉండేది, పంచాంగం ఆవిడ నోట్లోనే ఉండేది. బావి దగ్గర అక్కని పట్టుకుంది. "ధనిష్ఠ వచ్చేస్తోందే అభయం, ఆ అయిదు నక్షత్రాల్లో ఏదన్నా అయితే ఇల్లు నెలలతరబడి మూసెయ్యాలి. పాపం, పిళ్ళైగారు పెళ్ళి పెట్టుకున్నారు" అంది. ఆవిడ పోయింది కానీ, ఆ మాట అనుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

"తంజావూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నా వదినా" అని అక్క మా అమ్మతో చెప్పి, బండి పిలిపించి, ఆయన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. నిజమే అనుకున్నాం. కొన్నాళ్ళకి కాఫీ పొడి కొట్టాయన మా నాన్నని ఆపి అడిగాడు, "మీ వాటా ఆయన రేవు దగ్గర సత్రంలో పడున్నాడేంటి పిళ్ళైగారూ?" అని. మా నాన్న ఇంటికొచ్చి కండువా నేలకేసి కొట్టాడు. "నా ఇల్లు మూతపడుతుందని మనిషిని సత్రంలో పడేస్తుందా? నన్నంత హీనంగా లెక్కగట్టిందా?" అని కేకలు. కేకలేస్తూనే ఏడుస్తున్నాడు. అప్పటికప్పుడు బండి కట్టించాడు. నేను సైకిలు మీద వెనకాలే.

సత్రంలో యాత్రికులు, తడి బట్టలు, పొయ్యిల పొగ. ఒక మూల దుప్పటి అడ్డం కట్టి ఉంది. అక్క లేదు, ఆయనొక్కడే పడుకునున్నాడు. "కుంజితపాదం, లేవయ్యా, బండి తెచ్చాను" అన్నాడు మా నాన్న. లేవలేదు. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది నాయనా. ఇంతలో వీధిలోంచి అక్క ఇంకో బండి తోలించుకుని వచ్చింది. ఆసుపత్రికేమో అనుకున్నాం. ఏ నక్షత్రమో మా నాన్న అడగలేదు. ఆయన్ని తీసుకొచ్చి మా నడింట్లోనే పడుకోబెట్టాడు. వేదవల్లి గుమ్మంలోంచి "పెళ్ళివాళ్ళు ఒప్పుకుంటారా?" అంది. "ఒప్పుకోకపోతే మానుకోమను" అన్నాడు. పెళ్ళి ఆగలేదులే, కల్యాణ మంటపంలో చేశాం.

కర్మలయ్యాక అక్క సామాను సర్దుకుంది, తన చెల్లెలి దగ్గరికి పోతానని. మా అమ్మ కాళ్ళావేళ్ళా పడింది, వినలేదు. వెళ్ళే రోజు ఇదిగో, నువ్వు కూర్చున్నచోటే కూర్చుని నాతో చెప్పింది. "తమ్ముడూ, సత్రంలో పడుకోబెట్టిన దగ్గర్నుంచీ ఆయనది ఒకటే మాట, ఇంటికి పోదాం అభయం, ఇంటికి పోదాం అని. ఆ ఇల్లు అమ్మేశారు కదండీ, మనకి ఇల్లెక్కడుంది, ఊరికే ప్రాణం తియ్యకండి అని కసిరేదాన్ని. ఆ పొద్దున కళ్ళు తెరిచి, నీల కాఫీ తెచ్చే వేళయింది, తలుపు మూసుంటే పిల్ల వెనక్కి పోతుంది, లే, పోదాం అన్నారు. అప్పుడర్థమైంది తమ్ముడూ నాకు, ఏ ఇంటికో. బండి కోసం పరిగెత్తాను..."

...

ఆఁ? నీళ్ళా? నీళ్ళకేం లోటు లేదు నాయనా, బావి ఎప్పుడూ ఎండలేదు. తాళం ఆ కిటికీలో ఉంది, వెళ్ళి చూసుకో. నేను ఇక్కడే కూర్చుంటాను.