బాయిలో పడేసిన కంబళి

కరెప్ప అని గొర్రెలోడు ఒకడుండె. గొర్రెల సంగతొస్తే చుట్టూ పది ఊర్లోళ్ళు ఆయప్పనే అడుగుతాండ్రి. ఎండాకాలం మందను తోలుకోని నీళ్ళుండే తావుకు వలస పోవాల, తొలకరికి తిరిగి రావాల, అదీ వాళ్ళ బతుకు. పెండ్లాం కూడా వెంట పోతాండె. ఏమైందంటే, ఒక ఏడు ఆయమ్మ జరమొచ్చి దావలోనే సచ్చిపాయ. ఆడే పూడ్చిపెట్టి, ఆయమ్మ కప్పుకునే కంబళి ఎత్తుకోని ఇంటికొచ్చె కరెప్ప. అవ్వ దగ్గర వదిలిపోయిన ఏడేండ్ల కూతురు కెంచి వాకిట్లో నిలబడి, "అమ్మేది నాయనా?" అనె. ఏం చెప్తాడప్పా? నోరు రాక, "వస్తాదిలే పాప" అనేసె. ఆ పిల్ల ఏడాది పొడుగునా దావ చూసుకుంటానే ఉన్నెంట.

మళ్ళా ఎండాకాలమొచ్చె. వలసకని కరెప్ప ఆ కంబళి మడిస్తాంటే, కెంచి కెవ్వుమని అరిచి, దాన్ని లాక్కపోయి బాయిలో పడేసె. తీసి ఆరేస్తే మళ్ళా పడేసె. దావకని కట్టిన సద్దిమూట కుక్కలకేసె. దడి తీసి మందను పక్కోళ్ళ చేన్లోకి తోలె. పట్టుకోబోతే నెత్తురొచ్చేటట్ల కొరికె అనుకో. ఇంగ ఊరోళ్ళు ఊరుకుంటారా? గారాబం ఎక్కువైందని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు. కరెప్ప వాళ్ళమ్మ ముసిలామె ఉండె గదా, ఆయమ్మేమో, ఒక వాత పెట్టిచ్చురా, మొండితనం దిగుతాది, నీకూ చిన్నప్పుడు పెట్టిస్తిమి గదా అనె. సరే అని, కాల్చిన పసుపుకొమ్ముతో పిల్ల చేతికి వాత పెట్టిచ్చె. కదలకుండా పట్టుకునింది తానేనంట, వేరేవాళ్ళు పట్టుకుంటే పిల్ల బెదురుతాదని! చూడండి ఆ మనిషి బుద్ధి. కానీ పనిచేసెనప్పా. మర్నాడు పొద్దున్నే కెంచే కంబళి మడిచి, తెచ్చి నాయన చేతికిచ్చె. "చూస్తివా, మేం చెప్పలా" అని ఊరంతా అనె. కరెప్ప కూడా సంతోషంగా మందను తోలుకోని పాయ.

మూడు దినాలు నడిచినాక ఏమైందంటే, ఒక గొర్రె దగ్గరికొచ్చినోళ్ళనంతా పొడస్తాంటే, బామ్మర్ది సిద్దన్న కట్టె ఎత్తె. "కొట్టాకు సిద్దా! ఊరికే పొడస్తాదా అది? నోరులేని జీవం, యాడో నొప్పుంటాది" అని కరెప్ప దాన్ని మెల్లగా పండబెట్టి, కాళ్ళు నాలుగూ వెదికి, గిట్ట సందులో ముల్లు తీసె. సిద్దన్న సచ్చిపోయినామె తమ్ముడు, కెంచికి మేనమామ. కట్టె కింద పడేసి అడిగెనంట, "ఈ ఓపిక ఇంటికాడ యాడపాయ బావా? మా అక్క ఈ కంబళి ఎత్తుకోనే గదా పోయింది, మళ్ళా రాలేదు. నువ్వూ అట్లే పోతావని ఆ పిల్ల దీన్ని బాయిలో ఏస్తే, చెయ్యి కాల్పిస్తివే!" కరెప్ప ఆ కంబళి చంకన పెట్టుకోని లేచె. మందను సిద్దన్నకు అప్పజెప్పి, ఆ మూడు దినాల దావా వెనక్కి నడిచె. ఇంటికొచ్చి, పిల్ల చేతి మింద మొగం పెట్టుకోని ఏడిసి, అమ్మ సంగతంతా అప్పుడు చెప్పె. "తప్పాయ తల్లీ. ఇంగ నేను యాడికీ పోను. ఈ కంబళి మళ్ళా బాయిలో ఏసెయ్, ఏమీ అనను" అనె. కెంచి ఏడవలేదంట. "వద్దులే నాయనా, నీకు చలేస్తాది" అని, దాన్ని మడిచి దండెం మింద ఏసె.

ఆయప్ప మళ్ళా వలస పోలేదు. మందంతా సిద్దన్నే మేపె. పిల్ల పెరిగి పెద్దదాయ, నెమ్మదస్తురాలని పేరూ వచ్చె. కానీ యాడ నొప్పున్నా, ఏం కావాలన్నా నాయనకు మాత్రం చెప్పేది కాదంట. ఆయప్ప రోజూ అడుగుతాండె పాపం, ఆ పిల్ల ఏం లేదు నాయనా అంటాండె.

నన్నేం చూస్తారప్పా అట్ల? నా పెద్దకొడుక్కి నేనూ పెట్టిచ్చినోణ్ణే వాత. ఇప్పుడు వానికి మీసాలొచ్చినాయి, నా మాట జవదాటడు, బుద్ధిమంతుడని మీరే అంటారు. మొన్న ఎద్దు తొక్కి వాని కాలు విరిగితే, ఆ సంగతి నాకు పక్కింటోళ్ళు చెప్పినారు.