తిత్తిలో గాలి

మధ్యాహ్నం. ఆర్గన్ మాస్టారి వంటగది. చర్చిలో పాటలు నేర్పడానికి కొత్తగా వచ్చిన టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"తాళంచెవి ఆ ఉప్పుడబ్బా పక్కనుంది. తీసుకెళ్లమ్మా."

"తాళంచెవి కోసం రాలేదు మాస్టారూ."

"మరి పుస్తకాలకా? అవి బెంచీ కిందే ఉన్నాయి. ఎడమవైపు పెడల్ కాస్త కీచుమంటుంది. ఇంకేం లేదు అప్పగించడానికి."

"కూర్చోమనరా?"

"కూర్చో, కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు వదులు. ఇటు. టీ పెడతాను. ఒకటే గ్లాసు కడిగుంది, ఇంకోటి..."

"నేను కడుక్కుంటాను లెండి. ఆదివారం ఎందుకు రాలేదు?"

"పాస్టరుగారికి ఉత్తరం రాసిచ్చాగా."

"అందులో 'అలసిపోయాను' అని ఒక్క మాటే ఉంది."

"నిజం అంతే ఉంది. అంతే రాశాను."

"ఆయన వచ్చారా మీ దగ్గరికి?"

"వచ్చాడు. గంటసేపు ప్రార్థన చేశాడు. మధ్యలో నాకు కునుకు పట్టింది. చూసి గొంతు తగ్గించాడు. మంచివాడు."

"నామీద కోపమా మాస్టారూ?"

"నీమీదా? కోపం తెచ్చుకోవడానిక్కూడా ఓపిక కావాలమ్మా."

"మీ పుస్తకంలో ఎర్ర పెన్సిల్‌తో రాసింది నేనే కదా. ప్రతి ఆదివారం పాడే ఆ పాటలో, మూడో పాదం మధ్యలో, 'ఇక్కడ ఆగకూడదు' అని."

"సరిగ్గానే రాశావు. పాట కట్టినవాడు అక్కడ ఆపలేదు. సంగీతం తెలిసినవాళ్లెవరూ ఆపరు."

"మరి మీరెందుకు ఆపుతారు?"

"పంచదార ఎంత?"

"మాస్టారూ!"

"ఒక చెంచా చాలా?"

"నాలుగు వారాలు ఆగకుండా వాయిద్దామనే చూశారు మీరు. నేను గమనించాను. అక్కడికొచ్చేసరికి మీ చేతులు అలా గాల్లోనే ఉండిపోయేవి."

"తొమ్మిదేళ్ల అలవాటు నాలుగు వారాల్లో పోతుందా?"

"తొమ్మిదేళ్ల కిందట ఏమైంది?"

"తిత్తి చిరిగింది. కాళ్లతో తొక్కితే ఆర్గన్‌లోకి గాలి కొట్టే తోలు తిత్తి. అక్కడికొచ్చేసరికి గాలి చాలదు."

"వడ్రంగి బాబాయి రెండుసార్లు విప్పి చూశాడట. ఎక్కడా చిరగలేదన్నాడు."

"వాడికేం తెలుసు, బల్లలు చేసుకునేవాడికి... వాడే చెప్పాడా?"

"నిన్న చెప్పాడు."

"నాతో మాత్రం బాగుచేశానన్నాడు. రెండుసార్లూ అలాగే అన్నాడు, వెధవ."

"నిజం చెప్పండి మాస్టారూ."

"తిత్తి నిక్షేపంలా ఉందమ్మా. గాలి అందనిది మా ఆవిడకి."

"పిచ్చుకమ్మగారికా?"

"నీదాకా వచ్చిందా ఆ పేరు! గొంతు అలాంటిది మరి. సన్నగా, ఎక్కడో చూరు కింద. జబ్బు మొదలయ్యాక ఆ పాదం ఒక్క గుక్కలో పాడలేకపోయేది. ఒక ఆదివారం మధ్యలోనే ఊపిరి చాలక, ఊరికే పెదాలు కదిపింది, పాడుతున్నట్టు. ఆర్గన్ మీద చిన్న అద్దం ఉంది కదా, పాడేవాళ్లు కనపడటానికి. అందులో చూశాను."

"ఏమన్నారు?"

"ఏమంటాను? ఇంటికొచ్చి తనేమీ అనలేదు, నేనూ అడగలేదు. తర్వాతి ఆదివారం అక్కడ ఆగాను. మూడు లెక్కపెట్టేంత సేపు. గుక్క తిప్పుకుంది, పాదం పూర్తిచేసింది. ఎవరైనా అడిగితే తిత్తి అన్నాను."

"ఆవిడకి కూడా చెప్పలేదా?"

"చెప్తే పాడటమే మానేసేది. జాలి పడనిచ్చే మనిషి కాదు. చర్చిలో కూర్చుని తొమ్మిదేళ్లు అబద్ధం వాయించాను."

"అదేం అబద్ధం మాస్టారూ?"

"అసలు అబద్ధం తర్వాతది. తను పోయి పద్నాలుగు నెలలు. ఆ రోజు నుంచి నేను ప్రార్థన చెయ్యలేదమ్మా. ఒక్కసారి కూడా. కళ్లు మూసుకుంటే పక్కింటి పంపు చప్పుడు వినపడుతుంది, అంతే. అయినా ప్రతి ఆదివారం వెళ్లి వాయించాను. దేవుడి కోసం కాదు, అక్కడ ఆగడానికి. అద్దంలో తను కనపడదని తెలుసు. తెలిసీ ఆగేవాణ్ణి. అంత పెద్ద చర్చిలో నాకు మిగిలిన చోటు అదొక్కటే."

"దాన్నే నేను..."

"నువ్వు చేసింది తప్పు కాదు. దొంగ దొరికిపోయాడు, అంతే. నమ్మకం లేనివాడు ఆ బెంచీ మీద కూర్చోకూడదు. తాళంచెవి తీసుకెళ్లు."

"నాకెవరూ చెప్పలేదు మాస్టారూ. ఒట్టు."

"ఎవరు చెప్తారు? తెలిస్తే కదా."

"ఆదివారం నేనే వాయించాను."

"మంచిది. ఎలా పాడారు?"

"ఆ పాటే పెట్టాను. పుస్తకంలో ఉన్నట్టే, ఎక్కడా ఆపకుండా."

"మంచిది."

"ఏం మంచిది? మూడో పాదంలో నా దారిన నేను వెళ్లిపోయాను. చూసుకుంటే వెనక ఎవరూ లేరు."

"లేకపోవడమేమిటి?"

"సంఘం మొత్తం ఆగిపోయింది. ముందు బెంచీ ముసలమ్మలు, తలుపు దగ్గరివాళ్లు, ఏనాడూ శ్రుతిలో పాడని ఆ పాలాయన కూడా. అందరూ నోళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆర్గన్ ఒక్కటీ పరిగెత్తింది. రెండో చరణంలోనూ అదే. సిగ్గుతో చచ్చిపోయాను."

"అలవాటమ్మా. వాళ్లకీ అలవాటైపోయింది."

"నేనూ అలాగే అనుకున్నాను. పాస్టరమ్మగారిని అడిగితే, కాదన్నారు. పిచ్చుకమ్మగారు చెప్పారట."

"తనా? ఏం చెప్పింది? ఎవరికి?"

"అందరికీ. తొమ్మిదేళ్ల కిందటే. మీరు లోపల ఆర్గన్‌కి తాళం వేస్తుంటే, ఆవిడ బయట మెట్ల మీద ఒక్కొక్కళ్లనీ ఆపి చెప్పారట. 'మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. మూడో పాదం దగ్గరికొచ్చేసరికి తొక్కలేక ఆగిపోతున్నాడు. పైకి చెప్పుకోలేక తిత్తి మీద పెడుతున్నాడు. అడక్కండి, నొచ్చుకుంటాడు. ఆయన ఆగినచోట మీరూ ఆగండి. ఒక్కణ్ణీ వదిలేసి ముందుకి పోకండి' అని."

"మోకాళ్లా? నాకా?"

"మాస్టారూ, టీ పొంగిపోతోంది."

"పొంగనీ."

"మాస్టారూ..."

"నా మోకాళ్లకేం రోగం లేదమ్మా. గుండ్రాళ్లలా ఉన్నాయి."

"మరి..."

"ఆ మాట మాత్రం చర్చిలో ఎవరితోనూ అనకు తల్లీ."